పదకొండో గడి

మూడు నిమిషాల సినిమాకి పన్నెండు గడులు.
వన్‌టౌన్ అద్దె గదిలో
పెన్సిలు పొట్టుతో పాటు రాలిపోయిన రెండు వారాలు.
మొదటి గడిలో సూర్యోదయం, తప్పదన్నట్టు.
రెండో దాంట్లో డాల్ఫిన్స్ నోస్.
ఆ కొండ ముక్కు వంపు కోసం
మూడు రబ్బర్లు అరగదీశాను.
మూడులో తెరచాప.
ఇప్పుడెవరు కడుతున్నారు తెరచాప? అయినా బాగుంటుందని.
పదకొండులో పిల్ల, ఏడుస్తూ,
గౌను జేబులోంచి వేలాడుతూ తాడు ముక్క.
పన్నెండులో ఖాళీ సముద్రం.

గోడకి వరసగా అంటించి చూస్తే
క్యాలెండర్‌లా ఉంది.
నెలకో బొమ్మ.
ఏ నెలకీ పక్క నెలతో మాటల్లేవు.

పెదజాలరిపేట ఒడ్డున తెడ్డు పరసయ్య
కాలి బొటనవేలికి వల తగిలించుకుని
చిరుగులు కుడుతున్నాడు.
నా కాగితాలు ఇసకలో పరిచి
ఎగిరిపోకుండా వాటిమీద సీసం గుళ్ళు పెట్టాడు.
బొమ్మలు చూళ్ళేదు ఆయన.
బొమ్మకీ బొమ్మకీ మధ్య
నేనేమీ గీయని తెల్లటి సందులో వేలు పెట్టి
వలని తడిమినట్టు తడుముకుంటూ పోయాడు.

"పిల్లెందుకు ఏడుస్తంది?"
వాళ్ళ నాన్న వేట నుంచి రాలేదు.
"అందరి నాన్నలూ ఏదో ఓనాడు ఆలీసంగానే వత్తారు.
ఈ పిల్లకేటి ఇసేసం?"
నేను మాట్లాడలేదు.
"ఈ తెరసాప బోటు ఎవులిది?"
ఎవరిదీ కాదు.
"ఐతే తీసెయ్యి. మరీ తాడేటి?"

ఇంజిను చక్రానికి చుట్టి లాగే తాడు.
నాన్న వెళ్ళకూడదని పిల్ల దాచేసింది.
ఆయన వేరేవాళ్ళ బోటెక్కి వెళ్ళిపోయాడు.

సూది ఆగింది.
"మరది సెప్పవేటి!
సివరాకర్న జేబులో దాసీసినావు.
గేలానికి ఎర ముందు గుచ్చుతారా,
సేప పడ్డాక గుచ్చుతారా?"

ఇంటికొచ్చేసరికి
పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద
మళ్ళీ పోర్టు బొగ్గుపొడి.
లైటు కూడా వేయకుండా
వేలితో ఆ పొడిలోనే గీశాను కొత్త మొదటి గడి:
ఓ చిన్న పిడికిలి,
రెండు వైపులా బయటికొచ్చిన తాడు పీచు.
సూర్యుడు లేడు.

రెండు: ఇంజిను చుట్టూ వెతుకుతున్న నాన్న వీపు.
మూడు: ఐసు పెట్టెల వెనక పిల్ల కళ్ళు.
నాలుగులో, పక్కవాళ్ళ బోటు మీంచి
ఆయన చెయ్యూపుతూ నవ్వాలి.
ఏమీ తెలియని నవ్వు.
అది గీయడానికి తెల్లారింది.

ఆ తర్వాత చెవి. ఒక్క చెవి, గడి నిండా.
నాన్న ఇంజిను చప్పుడైతే
నిద్రలో కూడా పోల్చుకుంటుంది పిల్ల.
ఇప్పుడాయన ఉన్నది వేరే ఇంజిను వెనక.
ఏ చప్పుడైనా నాన్న కావచ్చు.
ఏదీ కాకపోవచ్చు.
ఇది నేను ఆలోచించింది కాదు,
తాడు ముందుకి రాగానే
దాని వెనకే లాక్కొచ్చింది.

డాల్ఫిన్స్ నోస్ తీశాను. మళ్ళీ పెట్టాను.
అన్ని రబ్బర్లు అరిగాయి కదా అని
ఇంకోసారి పెట్టాను.
చివరికి గ్యాసు పొయ్యి పక్కన గోడకి అంటించుకున్నాను.
పోపు చిట్లితే దీపస్తంభం మీద పడుతుంది.

పన్నెండూ ఏడయ్యాయి.
ఖాళీ సముద్రం గీయడం తేలిక,
నీలం పెన్సిలు అడ్డంగా రుద్దితే సరి.
దాని బదులు ఆఖర్న
ఒడ్డున ఒంటరిగా నాన్న బోటు,
చక్రానికి మళ్ళీ చుట్టి ఉన్న తాడు.

పరసయ్య అదే చోట, అదే వల.
ఈసారి సందుల్లో వేలెక్కడా ఆగలేదు.
చివరి కాగితం దగ్గర మాత్రం ముఖం చిట్లించాడు.
"తాడు తిరగేసి సుట్టినావు.
ఇలాగ లాగితే ఇంజినందుకోదు."
నేను కాదు, చుట్టింది పిల్ల కదా.

ఆయన సముద్రం వైపు చూశాడు.
ఎక్కడో ఇంజిను చప్పుడు, ఎవరిదో.
"ఐతే ఉంచు.
సరిగ్గా సుట్టడం నేర్పడానికైనా
ఆడు రావాల."

కాగితాల మీంచి సీసం గుళ్ళు
ఇద్దరం తీయలేదు.